‘ఎన్నేళ్లది?’ అనే ముందు ‘ఏది ఎన్నేళ్లది?’ అని అడగండి

ఈ అధ్యాయం చదివేంతసేపు మీరు చంద్రబండలో ఉంటున్నారనుకోండి. రాయచూరు తాలూకా ఊరు, తెలంగాణ పొలిమేర దగ్గర్లోనే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. చేతిలో ఒక భాష పేపరు, టీవీలో ఇంకో భాష వార్తలు. ఒకరోజు ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వస్తుంది. గుట్టమీద పెద్ద గుండు, దాని మీద జేగురు రంగులో మూపురమున్న ఎద్దు. కింద రెండు ముక్కలు: ‘మన గుట్టల్లో పదివేల ఏళ్ల నాటి చిత్రం. కార్బన్ డేటింగ్‌లో తేలిన నిజం.’ చూసీ చూడకముందే మీ బొటనవేలు ఫార్వర్డ్ గుర్తు మీదికి పోతుంది.

ఆ ఎద్దూ ఆ వార్తా నేను కల్పించినవి. ఈ చుట్టుపక్కల బండల మీద ఎద్దుల బొమ్మలు ఉండటం మాత్రం కల్పన కాదు. ఇదే జిల్లాలో ముద్గల్ దగ్గరి పిక్లిహాళ్‌లో ఉన్నాయి. 1952లో అక్కడ తవ్వకాలు జరిపిన ఎఫ్.ఆర్. ఆల్చిన్ వాటి గురించి వివరంగా రాశాడు. రాయచూరు అప్పట్లో హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది కాబట్టి ఆ నివేదికను 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అచ్చు వేసింది. బళ్లారి పక్కన కప్పగల్లు గుట్ట మీద కూడా ఎద్దులు గుంపులు గుంపులుగా ఉన్నాయి. పరిశోధకులు ఆ చోటును కుప్‌గల్ అని రాస్తారు. కాబట్టి మన కల్పిత వార్త రేపు నిజంగానే రావచ్చు. వచ్చినప్పుడు ఏం చేయాలన్నదే ఈ అధ్యాయం.

వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో పాత రాళ్ల గోల ఎందుకని అడగవచ్చు. మనిషి దేన్ని నమ్ముతాడు, ఎంత తొందరగా నమ్ముతాడు అన్నది అతని వ్యక్తిత్వంలో పెద్ద భాగమని నా అభిప్రాయం. ఈ సాధనను రాజకీయ వార్తతో మొదలుపెడితే కోపం అడ్డొస్తుంది. ఆరోగ్యం వార్తతో మొదలుపెడితే భయం అడ్డొస్తుంది. పాత బొమ్మ వయసు దగ్గర అడ్డొచ్చేది గర్వం ఒక్కటే. దాన్ని కాసేపు పక్కన కూర్చోబెట్టడం అంత కష్టం కాదు.

వార్త చదవగానే వేయాల్సిన ప్రశ్న ఒక్కటే: వయసు కట్టింది ఏ వస్తువుకు?

బతికున్న చెట్టూ పశువూ మనిషీ గాలి నుంచో తిండి నుంచో కార్బన్‌ను తీసుకుంటూనే ఉంటాయి. అందులో చాలా కొద్దిపాళ్లలో కార్బన్-14 ఉంటుంది. ప్రాణం పోయాక కొత్తది రావడం ఆగిపోతుంది. ఉన్నది 5,730 ఏళ్లకు సగం చొప్పున తరుగుతుంది. ఎంత తరిగిందో చూసి ఎప్పుడు చనిపోయిందో లెక్క కడతారు. 1940ల చివర ఈ పద్ధతిని కనిపెట్టిన విల్లార్డ్ లిబ్బీకి 1960లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. సుమారు 50,000 ఏళ్లు దాటితే కొలవడానికి చాలినంత మిగలదు. ఇప్పుడు మన ఎద్దు దగ్గరికి రండి. గ్రానైటు బండకు ఏనాడూ ప్రాణం లేదు. జేగురు అంటే ఇనుము కలిసిన మన్ను, దానికీ లేదు. అంటే ‘కార్బన్ డేటింగ్‌లో తేలింది’ అన్న మాట దగ్గరే వార్త కుంటుతోంది. రంగులో బొగ్గో జిగురో నెత్తురో కలిసి ఉంటే, దాన్ని చిటికెడు గీకి తీసి కొలిచి ఉంటే, అప్పుడు సరే. ఆ సంగతి వార్తలో ఉందా? లేకపోతే ఎవరో ఎక్కడో ఏదో కొలిచారు, లేదా ఏమీ కొలవలేదు.

మన పత్రికల్లో ‘కార్బన్ డేటింగ్’ అన్నది ప్రయోగశాలలో జరిగే ప్రతి పనికీ ఇంటిపేరైపోయింది. ఇసుక రేణువులు చివరిసారి ఎండ చూసింది ఎప్పుడో చెప్పే పద్ధతి వేరు. సున్నపు పొరల్లో యురేనియం, థోరియంల పాళ్లు కొలిచే పద్ధతి వేరు. ప్రతి పద్ధతీ వేరే ప్రశ్నకు జవాబిస్తుంది. పద్ధతి పేరు తప్పు రాసిన విలేఖరి జవాబు మాత్రం సరిగ్గా రాసి ఉంటాడని ఆశపడటం మన మంచితనమే తప్ప ఇంకేం కాదు.

యురేనియం పద్ధతి గురించి కాస్త నిలిచి చెప్పుకోవాలి. పెద్ద పెద్ద అంకెలతో వచ్చే వార్తలు ఎక్కువగా అక్కణ్ణుంచే వస్తున్నాయి. సున్నపురాతి గుహల్లో నీరు కారీ కారీ బొమ్మల మీద పలచటి పొర కడుతుంది. ఆ పొర ఎప్పుడు కట్టిందో కొలుస్తారు. మీ ఇంటి గోడ మీద పిల్లవాడు గీసిన బొమ్మ మీదుగా పండగకు సున్నం కొట్టించారనుకోండి. సున్నం వేసిన తేదీ మీకు తెలుసు. బొమ్మ అంతకుముందే గీసిందని ఘంటాపథంగా చెప్పగలరు. ముందు రోజా, మూడేళ్ల ముందా అంటే చెప్పలేరు. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో, లియాంగ్ కరంపువాంగ్ గుహలోని పంది బొమ్మకు 2024లో ‘నేచర్’ పత్రిక ప్రకటించిన 51,200 ఏళ్లు అలాంటి సున్నం తేదీయే. శాస్త్రజ్ఞులు రాసింది ‘కనీసం’ 51,200 ఏళ్లని. ప్రపంచమంతా శీర్షికల్లోకి ఎక్కింది ‘51,200 ఏళ్ల నాటి చిత్రం’ అని. ఇక్కడ నష్టం పెద్దది కాదు, బొమ్మ ఇంకా పాతదే కావచ్చు. కానీ అదే అలవాటు ఇంకోచోట అర్థాన్నే తిప్పేస్తుంది. పొర బొమ్మకు అడుగున ఉంటే లెక్క తలకిందులవుతుంది. అప్పుడు బొమ్మ ‘అంతకంటే పాతది కాదు’ అని అర్థం. పొర పైనుందా కిందుందా అని రాసిన వార్తను చూస్తే ఆ విలేఖరి పేరు గుర్తుపెట్టుకోండి. అతని రాతలు ఇకముందూ చదవదగ్గవి.

ఇలాంటి పని మన తెలుగు నేల మీదా జరిగింది. ఇప్పటి నంద్యాల జిల్లాలో బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వి జంతువుల ఎముకలు బయటపెట్టారు. ఆ గుహల సముదాయంలో ఒకదానిలో ఒకటి ఇమిడిన వజ్రాకారపు గీతల చెక్కడం ఒకటి ఉంది. పాల్ టాసన్, నికోల్ బోయివిన్, రవి కోరిశెట్టర్ తదితరులు దాని వయసు తేల్చే ప్రయత్నం చేసి 2013లో ఒక పురాశాస్త్ర పత్రికలో ప్రచురించారు. ఆ వ్యాసం శీర్షికలో ఫలానా ఏడు అన్న అంకె లేదు. ‘మధ్య హోలోసీన్’ అన్న కాలం పేరుంది. స్థూలంగా 8,000 నుంచి 4,000 ఏళ్ల కిందటి మధ్య భాగం అది. ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు శీర్షికలో అంత వెడల్పైన మాట వాడితే చాలనుకున్నారు. దినపత్రిక డెస్కులో అలాంటి శీర్షిక అరగంట కూడా బతకదు. ఎవరో ఒకరు దాన్ని ఒక్క అంకె చేసేస్తారు.

అంకె ఎలా ఒంటరిదవుతుందో కాస్త వెనక్కి వెళ్లి చూడండి. పరిశోధన వ్యాసంలో ఒక పరిధి ఉంటుంది, దాని పక్కన ఎంత అటూ ఇటూ కావచ్చో ఉంటుంది. విశ్వవిద్యాలయం పత్రికలకిచ్చే ప్రకటనలో పరిధి పోయి ‘సుమారు’ మిగులుతుంది. వార్తాసంస్థ దాన్ని కుదిస్తుంది. డెస్కులో అనువాదం చేసే ఉపసంపాదకుడికి రాత్రి పదకొండు గంటలకు ఇంకో పది వార్తలు ఎదురుచూస్తుంటాయి. శీర్షికకు ఇచ్చిన జాగాలో ‘సుమారు’, ‘కనీసం’, ‘కావచ్చు’ ఇమడవు. పొద్దున్నకి యూట్యూబ్ బొమ్మ మీద అంకె ఎర్ర అక్షరాల్లో, పక్కన నోరు తెరిచిన మనిషి. ఇందులో ఎవరూ అబద్ధం ఆడలేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క మాట వదిలేశారు, అంతే. అందుకే నేను విలేఖరులను తిట్టమని చెప్పను. వదిలేసిన మాటలను వెతికి తిరిగి పెట్టుకుని చదవమంటాను.

అలా చదివేటప్పుడు కాలం లెక్క దగ్గర ఇంకో గుంట ఉంటుంది. ‘క్రీ.పూ. 2500’ అంటే నేటికి సుమారు 4,500 ఏళ్లు. దాన్ని ‘2,500 ఏళ్ల నాటి’ అని రాస్తే ఒక్క దెబ్బకు రెండువేల ఏళ్లు గల్లంతు. ఇక శాస్త్ర వ్యాసాల్లో అంకె పక్కన ‘బీపీ’ అని ఉంటుంది. మనకు రక్తపోటే గుర్తొస్తుంది గానీ, దానర్థం ‘1950 నుంచి వెనక్కి’ అని. ఆ తర్వాత జరిగిన అణుపరీక్షలు గాలిలో కార్బన్-14 పాళ్లను మార్చేశాయి కనుక అందరూ 1950ని ‘నేడు’ అని ఒప్పుకున్నారు. పైగా ప్రయోగశాల ఇచ్చే కార్బన్ ఏళ్లు నేరుగా పంచాంగం ఏళ్లు కావు. చెట్ల వలయాలు వగైరా ఆధారాలతో సరిచూసి మార్చాలి. సరిచూసినదానికీ చూడనిదానికీ మధ్య వందల ఏళ్ల తేడా రావచ్చు. ఒకే తవ్వకం గురించి రెండు పుస్తకాల్లో రెండు అంకెలు కనిపిస్తే వెంటనే ఎవరో మోసం చేశారనుకోకండి.

అసలు ఈ పద్ధతులు మన చరిత్రను ఎంత మార్చాయో చెప్పకుండా అనుమానాలే నూరిపోస్తే అది నా తప్పవుతుంది. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్విన మార్టిమర్ వీలర్ దక్షిణాదిలో రాతిగొడ్డళ్ల సంస్కృతి క్రీ.పూ. మొదటి సహస్రాబ్ది ఆరంభంలో మొదలైందని అంచనా కట్టాడు. అప్పటికి ఇంకో దారి లేదు. పొరల మందం చూసి, పై పొరలో దొరికిన తెలిసిన వస్తువుల నుంచి వెనక్కి లెక్క వేశాడు. తర్వాత పదేళ్లకు ఆల్చిన్ అప్పటి పాలమూరు జిల్లా ఉట్నూరులో ఒక బూడిద దిబ్బను తవ్వాడు. పశువుల దొడ్లలో పేరుకున్న పేడ మళ్లీ మళ్లీ కాలి ఏర్పడిన దిబ్బ అది. అక్కడి బొగ్గును కార్బన్ పద్ధతిలో కొలిస్తే తేదీలు క్రీ.పూ. మూడో సహస్రాబ్దికి పోయాయి. వెయ్యేళ్లకు పైగా వెనక్కి జరిగిందన్నమాట. మన ఎద్దు బొమ్మల వయసుకు ఇప్పటికీ పెద్ద ఆధారం ఇదే దారి. బొమ్మను ఎవరూ నేరుగా కొలవలేదు. బొమ్మ ఉన్న గుట్ట కింద ఊరు ఎప్పటిదో కొలిచారు, ఆ ఊరివాళ్లు పశువులతో బతికారని ఎముకలు చెప్పాయి, గుట్ట మీదంతా పశువులే ఉన్నాయి. రెండింటినీ కలిపారు.

ఇది మంచి ఆధారమే. కాకపోతే తేదీ కాదు, తర్కం. కప్పగల్లు విషయంలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. అక్కడ కొన్ని బండలను రాయితో కొడితే గంటలా మోగుతాయి. 2004లో బోయివిన్ ఆ గుట్ట గురించి ‘యాంటిక్విటీ’ పత్రికలో రాసినప్పుడు బీబీసీతో సహా చాలామంది ‘రాతియుగం సంగీతం’ అన్నట్టు రాశారు. బొమ్మల్లో ఎక్కువ భాగం క్రీ.పూ. 3000, 1000 మధ్య కొత్త రాతియుగానివన్నది సమంజసమైన అంచనా. మూపురాల ఎద్దులు, చెక్కడం మీద ముదిరిన రంగు, కింద తవ్వకాల్లో దొరికినవి అటే చూపిస్తాయి. కానీ ఆ బండల మీద తర్వాతి కాలాలవాళ్లూ చెక్కుతూనే వచ్చారు. మోగే బండను మొదట ఎవరు, ఎప్పుడు మోగించారో ఏ యంత్రమూ చెప్పలేదు. మన కల్పిత వార్తలోని పదివేల ఏళ్ల అంకె ఇక్కడే చెల్లదు. ఈ ప్రాంతంలో పశువుల మందలతో బతికిన కాలం మొదలయ్యేదే క్రీ.పూ. 3000 ప్రాంతంలో.

శైలిని చూసి వయసు చెప్పడం కూడా జాగ్రత్తగా నమ్మాల్సిన పనే. 1994లో ఫ్రాన్స్‌లో షోవే గుహ బయటపడినప్పుడు ఆ సింహాల పొందిక చూసినవాళ్లు ఇంత నేర్పున్న బొమ్మలు మరీ పాతవి కాలేవనుకున్నారు. బొగ్గు గీతలను కొలిస్తే 30,000 ఏళ్లు దాటాయి. మోటుగా ఉంటే పాతది, నాజూకుగా ఉంటే కొత్తది అనే సూత్రం అక్కడితో చెడింది.

ఇప్పుడు మన దేశపు ఉదాహరణ ఒకటి. అందరూ చదివిన వార్త, తర్వాతి కథ చాలామందికి తెలియని వార్త. మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా రాతి చిత్రాలకు పేరుపడ్డ చోటు. 1957లో పురావస్తు పరిశోధకుడు వాకణ్కర్ వెలుగులోకి తెచ్చాడు, 2003లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడి ఆడిటోరియం గుహ పైకప్పున ఆకులాంటి ఒక ముద్ర కనిపిస్తే, అది డికిన్సోనియా అనే అతి ప్రాచీన జీవి శిలాజమని, సుమారు 55 కోట్ల ఏళ్ల నాటిదని అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగరీ రెటాలక్ బృందం రాసింది. 2021లో మన పత్రికలన్నీ దాన్ని ముందు పేజీ వార్తగా మోసుకొచ్చాయి. పెద్దపెద్ద బొమ్మల గుహలో ఇన్నాళ్లూ ఎవరూ చూడని అద్భుతం! రెండేళ్ల తర్వాత ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ మీర్ట్ బృందం స్వయంగా పోయి చూసి, అది రాలిపోయిన పాత తేనెపట్టు మిగిల్చిన మచ్చ అని తేల్చింది. రెటాలక్ పెద్దమనసుతో ఒప్పుకున్నాడు. ఆ శిలాజం ఆధారంగా అక్కడి రాతికి కట్టిన వయసు కూడా దానితోపాటే పోయింది. శాస్త్రం చేయాల్సిన పని చేసింది. దిద్దుబాటు వార్తకు మాత్రం మొదటి వార్తకు దొరికినంత జాగా దొరకలేదు. మీ ఇంట్లో ఎవరినైనా అడిగి చూడండి, శిలాజం గుర్తుంటుంది, తేనెపట్టు గుర్తుండదు. అందుకని సంచలన వార్త చదివినప్పుడు ఫోన్‌లో ఏడాది తర్వాతి తేదీకి ఒక గుర్తు పెట్టుకోండి. ఆ రోజు మళ్లీ వెతకండి. ఈ పుస్తకంలో నేను చెప్పే అభ్యాసాలన్నింటిలో సులువైనదీ, ఎవరూ చేయనిదీ ఇదే.

చంద్రబండ నుంచి సాధన మొదలుపెట్టాలంటే ముందు రాయచూరు కోటకు పొండి. అక్కడ గోడలో 40 అడుగులు దాటిన ఒక్కటే రాయి ఉంది. దాని మీది శాసనం శక సంవత్సరం 1216 అని చెబుతుంది. 78 కలపండి, 1294. గోన గన్నారెడ్డి పేరు, కోట కట్టించిన విఠలనాథుడి పేరు అందులో ఉన్నాయి. శాసనం దగ్గరే ఒక చెక్కడం. అంత పెద్ద రాయిని బండి మీద వేసి దున్నపోతులతో లాగిస్తున్న దృశ్యం. ప్రయోగశాల అక్కర్లేని తేదీ అది. అయినా మన ప్రశ్న వేయండి: ఆ తేదీ దేనిది? శాసనానిది. దున్నపోతుల బొమ్మకు విడిగా తేదీ లేదు. అది ఆ రాయిని తెచ్చిన సంగతే చూపిస్తోంది కనుక ఆ కాలానిదేనని మనం ఒప్పుకుంటున్నాం. ఒప్పుకోవడం న్యాయమే. ఒప్పుకుంటున్నామని తెలిసి ఒప్పుకోవడం నేను మీకు నేర్పాలనుకుంటున్నది.

తర్వాత కృష్ణ దాటి ముడుమాలకు పొండి. నారాయణపేట జిల్లా కృష్ణ మండలంలో మనిషిని మించిన ఎత్తు నిలువురాళ్లు. ఊరివాళ్లు వాటిని నిలువురాళ్ల తిమ్మప్పగా కొలుస్తారు. 2025 మార్చిలో ఇవి యునెస్కో తాత్కాలిక జాబితాలోకి వచ్చాయి. 3,500 నుంచి 4,000 ఏళ్లని వార్తల్లో చదివే ఉంటారు. ఒక రాతి మీది గుంటలు సప్తర్షి మండలాన్ని చూపిస్తున్నాయన్నది కూడా వార్తే. పేపరు ముందు పెట్టుకుని పెన్సిలుతో గీతలు గీయండి. తాత్కాలిక జాబితా అంటే ప్రపంచ వారసత్వ హోదా కాదు, దేశం ముందుముందు ప్రతిపాదించదలచిన వాటి పట్టిక. వార్త ఆ ముక్క చెప్పిందా? రాళ్లు నిలబెట్టిన కాలం, గుంటలు తొలిచిన కాలం ఒకటేనని ఎవరైనా చూపించారా, లేక వార్త రెండింటినీ ఒకే వాక్యంలో కట్టేసిందా? చెప్పిన మాట ఏ పరిశోధకుడిది, ఆయన ‘ఉంది’ అన్నాడా ‘ఉండొచ్చు’ అన్నాడా? ఈ గీతలు గీసినంత మాత్రాన ముడుమాల గొప్పతనం వీసమెత్తు తగ్గదు. నాలుగు అడుగుల దూరంలో నిలబడి చూస్తే మీకే తెలుస్తుంది.

గర్వం సంగతి మొదట్లో అన్నాను. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ దోఆబ్ నేల కోసం రాజులు కొట్టుకున్నారు, ఇప్పుడు మనం ఏళ్ల కోసం కొట్టుకుంటున్నాం. మా భాష పాతదా మీ భాష పాతదా, మా ఊరి రాయి ముందా మీ ఊరి రాయి ముందా. ‘ప్రపంచంలోనే అతి పురాతనమైన’ అన్న మాట కనిపిస్తే నేను ఆ వాక్యం ఇంకోసారి చదువుతాను. దాన్ని రుజువు చేయాలంటే ప్రపంచంలో మిగతావన్నీ కొలిచి ఉండాలి కదా. రాయచూరు జిల్లాలోని మస్కి గొప్పదనం చూడండి. 1915లో బీడన్ అనే గనుల ఇంజనీరుకు అక్కడ అశోకుడి శాసనం దొరికింది. అన్నింటికంటే పాతదైనందుకు దానికి పేరు రాలేదు. దేవానాంప్రియుడు అన్న బిరుదు పక్కన అశోక అన్న పేరు స్పష్టంగా కనిపించిన మొదటి శాసనం కనుక వచ్చింది. శాసనాల్లోని ఆ రాజు ఎవరన్న సందేహం దానితో తీరింది. ఏళ్లలో పోటీ పడకుండా పేరు తెచ్చుకున్న రాయి.

మరి ఆ ఎద్దు బొమ్మ రేపు మీ ఊరి గుట్ట మీద నిజంగా కనిపిస్తే? ఫొటో బాగా రావాలని నీళ్లు పోయకండి. సుద్దముక్కతో గీతలు దిద్దకండి. నూనె, కుంకుమ రాయకండి. ఆ గుండు కింద పొయ్యి పెట్టకండి, అక్కడి మట్టి తవ్వకండి. మీరు గీకి పారేసిన పొర, మీరు కలిపేసిన బూడిద రేపు వయసు తేల్చడానికి మిగిలిన ఒకే ఒక ఆధారం కావచ్చు. పక్కన ఒక స్కేలో పెన్నో పెట్టి దూరం నుంచి, దగ్గర నుంచి ఫొటోలు తీసి, చోటు వివరం రాసుకుని, కర్ణాటక పురావస్తు శాఖకు తెలియజేయండి. గుట్ట పొలిమేర అవతల ఉంటే తెలంగాణ వారసత్వ శాఖకు చెప్పండి. వార్త రాయడానికి విలేఖరి వస్తే బొమ్మ చూపించండి. వయసు ఎంతని అడిగితే ఇంకా ఎవరూ కొలవలేదని చెప్పండి, ఆ మాట కూడా అచ్చు వేయమని అడగండి.